నీళ్లు మార్చినప్పుడల్లా గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నల్లా నీళ్లను ఎలా నమ్మాలి?

నాచారం_నల్లా
మాది అపార్ట్‌మెంట్. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంప్‌లో పడతాయి. చాలకపోతే బోరు వేస్తారు, అదీ చాలకపోతే ట్యాంకర్ తెప్పిస్తారు. అన్నీ ఆ ఒక్క సంప్‌లోకే. ఇంట్లో 80 లీటర్ల ట్యాంక్, మూడు గోల్డ్‌ఫిష్, స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్ ఉన్నాయి. ఆదివారం ఆదివారం సగం నీళ్లు తీసి కొత్తవి పోస్తాను. షాపతను ఇచ్చిన యాంటీ క్లోరిన్ బకెట్‌కి రెండు చుక్కలు వేసే పోస్తాను.

నా బాధ ఏంటంటే, ఒక వారం ఏమీ కాదు. ఇంకో వారం పోసిన పది నిమిషాలకే మూడూ పైకొచ్చి గుటకలు వేస్తాయి. పోయినసారి ఒకటి పక్కకి ఒరిగిపోయింది. అదే బకెట్, అవే చుక్కలు. మా పాప ట్యాంక్ ముందు నుంచి కదలట్లేదు. ఈ నీళ్లలో ఏం తేడా వస్తోంది? ఇంట్లో ఉన్నవాటితో దీన్ని సరిచేయడం ఎలా?

గిన్నెలోచేప
చుక్కలూ గిక్కలూ మానేయండి. బకెట్ నిండా పట్టి ఒక రోజు ఎండలో పెట్టండి, క్లోరిన్ పోతుంది. మా ఇంట్లో ఎప్పటినుంచో ఇదే పద్ధతి, చేపలు బాగానే ఉన్నాయి.

కోనసీమ కుర్రోడు
మరిగించి చల్లార్చి పోస్తే ఇంకా మంచిది కదండీ?

ఒరాండా
మరిగిస్తే క్లోరిన్‌తో పాటు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కూడా పోతుంది. చల్లారాక గంటలకొద్దీ గాలి కొట్టాలి. 40 లీటర్లు మరిగించే గ్యాస్ ఎవరిస్తారు?

ఎండలో పెట్టడం తప్పు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ని విరగ్గొడతాయి, కొంత గాలిలోకీ పోతుంది. కాకపోతే వెడల్పు మూతి ఉండాలి, మూత ఉండకూడదు, లోపల ఎయిర్ స్టోన్ (పంప్ గాలిని బుడగలుగా వదిలే రాయి) వేస్తే ఇంకా త్వరగా పోతుంది. మూతపెట్టిన డ్రమ్ములో రెండు రోజులున్నా క్లోరిన్ అలాగే ఉండగలదు. పైగా ఎంత ఉందో తెలియకుండా "ఒక రోజు చాలు" అనలేం.

నాచారం గారూ, ఒక్క మాట చెప్పండి. మీ సంప్‌లో బ్లీచింగ్ ఎవరైనా వేస్తున్నారా?

నాచారం_నల్లా
వాచ్‌మెన్‌ని ఇప్పుడే అడిగాను. ట్యాంకర్ వచ్చిన రోజున ఒక స్టీల్ గ్లాసుడు వేస్తాడట. మిగతా రోజుల్లో ఏమీ వేయడు. సంప్ పదివేల లీటర్లది.

రొయ్యపిల్ల
అదిగో దొరికింది. నేను బాపట్ల దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాను. సముద్రపు నీళ్లకి క్లోరిన్ పెట్టడం, తర్వాత దాన్ని తీసేయడం మాకు రోజువారీ పని. తీసేయకుండా లార్వాని (అప్పుడే పుట్టిన రొయ్య పిల్లల్ని) వదిలితే మొత్తం బ్యాచ్ పోతుంది. కాబట్టి ఈ లెక్క కొంచెం విడమర్చి చెప్తాను.

బ్లీచింగ్ పౌడర్ కొత్తదైతే దాని బరువులో మూడో వంతు దాకా పనిచేసే క్లోరిన్ ఉంటుంది. గ్లాసుడు అంటే 150 గ్రాములు అనుకుందాం. అందులో క్లోరిన్ 50 గ్రాములు. పదివేల లీటర్లలో కలిస్తే లీటరుకు 5 మిల్లీగ్రాములు. తాగేనీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం అడిగే మిగులు క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు. అంటే ఆ రోజు మీ సంప్‌లో దానికి పాతిక రెట్లు. ట్యాంకర్ నీళ్లలో మురికి ఉంటే కొంత అక్కడే ఖర్చయిపోతుంది, డబ్బా చెమ్మకి పాతబడితే పౌడర్‌కి బలం తగ్గుతుంది. అయినా చాలా ఎక్కువే. చేపలకైతే 0.2 కూడా మంచిది కాదు, మొప్పలు కాలతాయి.

ఇప్పుడు మీ చుక్కల సంగతి. షాపుల్లో అమ్మే యాంటీ క్లోరిన్ ఎక్కువగా సోడియం థయోసల్ఫేట్ ద్రావణమే. పాతకాలం ఫోటో స్టూడియోల్లో "హైపో" అనేవాళ్లే, అదే. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌ని పూర్తిగా చంపడానికి సుమారు 7 మిల్లీగ్రాముల హైపో స్ఫటికాలు లెక్కేసుకుంటాం. 20 లీటర్ల బకెట్‌లో 5 చొప్పున 100 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటే, హైపో 700 మిల్లీగ్రాములు కావాలి. రెండు చుక్కల్లో అంత ఉండదు. మామూలు నల్లా రోజున 0.5 ఉంటే 70 మిల్లీగ్రాములు చాలు, కాబట్టి ఆ వారం మీ చేపలు బతికిపోతున్నాయి. సీసా మీద ఎంత గాఢతో రాసి ఉందా? లేకపోతే ఆ చుక్కకి అర్థం లేదు.

గిన్నెలోచేప
గ్లాసుడు బ్లీచింగా! మనుషులు ఎలా తాగుతున్నారండీ ఆ నీళ్లు?

నాచారం_నల్లా
తాగడానికి అందరిళ్లలో ఆర్వో ఉంది. అందుకే ఎవరికీ పట్టలేదు. సీసా మీద ఏమీ రాయలేదు, నీలం రంగు నీళ్లు, చేప బొమ్మ, అంతే.

కోనసీమ కుర్రోడు
అయితే చేపలకి కూడా ఆర్వో నీళ్లే పోసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

సైన్స్ టీచర్
వద్దు. ఆర్వో ఫిల్టర్ క్లోరిన్‌తో పాటు లవణాలు దాదాపు అన్నీ తీసేస్తుంది. నీళ్లలో బైకార్బనేట్ ఉంటేనే పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయి, నిలబడుతుంది. చేప విసర్జించే అమ్మోనియాని ఫిల్టర్‌లోని బాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆ బైకార్బనేట్ ఇచ్చే క్షారత్వం ఖర్చవుతూ పోతుంది. అమ్మోనియాలో ఉండే నత్రజని ఒక మిల్లీగ్రాముకి సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత్వం పోతుందని లెక్క. ఆర్వో నీళ్లలో అది ఉండేదే చాలా కొంచెం, ఇక పోవడానికేముంది. వారం తిరిగేసరికి పీహెచ్ దబ్బున పడిపోతుంది, బాక్టీరియా కూడా పని ఆపేస్తుంది. గోల్డ్‌ఫిష్‌కి కాస్త గట్టి నీళ్లే (లవణాలు ఎక్కువున్నవే) సరిపడతాయి. హైదరాబాద్ నీళ్లు ఆ విషయంలో వాటికి నచ్చేవే.

ఫ్రిస్కో_తెలుగు
ఇక్కడి నుంచి ఒక హెచ్చరిక. డల్లాస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, "ఎండలో ఒక రోజు" పద్ధతి మనకి అస్సలు పనికిరాదు. ఇక్కడ నీళ్లిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ వాడేది క్లోరమైన్, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిపినది. అది గాలికి అంత తేలిగ్గా పోదు, రోజులు పడుతుంది. అమెరికాలో దానికి గరిష్ఠ పరిమితి లీటరుకు 4 మిల్లీగ్రాములు.

హైపో వేస్తే క్లోరిన్ భాగం పోతుంది, అమ్మోనియా మిగిలిపోతుంది. 3 మిల్లీగ్రాముల క్లోరమైన్ విరిగితే 0.6 దాకా అమ్మోనియా నత్రజని బయటపడుతుంది. కాబట్టి అమ్మోనియాని కూడా పట్టుకునే కండిషనర్ (నీళ్లలో కలిపే మందు) కొనాలి, ఫిల్టర్‌లో బాక్టీరియా బాగా కుదురుకుని ఉండాలి. ఇంకోటి, ఏటా వసంతంలో కొన్ని వారాలు పైపుల శుభ్రత కోసం మామూలు క్లోరిన్‌కి మారతారు. ముందే ప్రకటన వస్తుంది, ఆ వారాల్లో కుళాయి తిప్పితే స్విమ్మింగ్ పూల్ వాసన. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకి ఈ సంగతి తెలియడానికి ఒక సీజన్ పడుతుంది.

గిన్నెలోచేప
అమెరికా గొడవ మనకెందుకండీ. మన దగ్గర వేసేది గ్యాస్ క్లోరిన్, లేదంటే బ్లీచింగ్. క్లోరమైన్ ఎవరు కలుపుతున్నారు?

ఒరాండా
కావాలని ఎవరూ కలపకపోవచ్చు. కానీ అది తనంతట తాను తయారవుతుంది. క్లోరిన్ ఉన్న నీళ్లని నేరుగా ట్యాంక్‌లో పోసి తర్వాత మందు చల్లేవాళ్లని చాలామందిని చూశాను. ట్యాంక్‌లో ఎప్పుడూ కొంచెం అమ్మోనియా ఉంటుంది, క్లోరిన్ వెళ్లి దాంతో కలిస్తే క్లోరమైనే. మురుగు కలిసిన సంప్‌లో బ్లీచింగ్ వేసినా అంతే. అందుకే మందు బకెట్‌లోనే వేయాలి, కలిపాకే పోయాలి. ఈ విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను.

బోరునీళ్లు
క్లోరిన్ క్లోరిన్ అంటున్నరు గానీ, మా సిద్దిపేట దిక్కు బోరు నీళ్లల్ల క్లోరిన్ అసలే ఉండది. అయినా మా బాబాయి వాళ్లింట్ల మోటరు వేసి పైపు సక్కగ ట్యాంకులనే వెట్టిన్రు, తెల్లారేసరికి నాలుగు చేపలు పోయినయ్. గదేంది మరి?

సైన్స్ టీచర్
మంచి ప్రశ్న. లోతు నుంచి అప్పుడే వచ్చిన బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ ఉంటాయి. చేప మొప్పకి రెండు వైపులా దెబ్బ. బకెట్‌లో పట్టి రాత్రంతా ఎయిర్ స్టోన్ వేసి ఉంచితే రెండూ సరవుతాయి, పీహెచ్ కూడా కాస్త పెరిగి నిలబడుతుంది. బోరు నీళ్లు ఎర్రగా మారి అడుగున తుప్పులా పేరుకుంటే అది ఇనుము. తేరిన నీళ్లు మాత్రమే వంచుకోవాలి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. క్లోరిన్ సున్నా అయినా నీళ్లు మార్చాక చేపలు చచ్చిపోయే దారి ఒకటుంది. నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంక్‌లో పీహెచ్ మెల్లగా కిందికి దిగుతుంది, అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువ కాబట్టి అది దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది చేపకి అంత విషం కాదు. చేపలు బతికే ఉంటాయి, యజమానికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఒక రోజు ట్యాంక్ మురికిగా ఉందని సగానికి పైగా తీసి, పీహెచ్ 8 ఉన్న గట్టి నీళ్లు పోస్తారు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో మొత్తం అమ్మోనియాలో విష రూపం సుమారు 0.6 శాతం. పీహెచ్ 8లో 5 శాతం దాటుతుంది. ఒక్క పూటలో దాదాపు పదింతలు! అప్పుడు జనం "నల్లా నీళ్లు చంపేశాయి" అంటారు. కారణం కుళాయిలో లేదు, ట్యాంక్‌లో ముందునుంచే ఉంది. అలాంటి ట్యాంక్‌కి రోజుకి పదోవంతు చొప్పున మార్చుకుంటూ రావాలి, ఆ వారం మేత బాగా తగ్గించాలి.

నాచారం గారు వారం వారం మారుస్తున్నారు కాబట్టి వారి సమస్య ఇది కాదనుకుంటాను. చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

బోరునీళ్లు
ఇప్పుడు సమజైంది. పైపు వెట్టుడు బంద్ అని బాబాయికి చెప్త.

కోనసీమ కుర్రోడు
మాకు వానాకాలం కాలవ నీళ్లు ఎర్రగా వస్తాయి. ఇంట్లో పటిక తిప్పుతారు, మా అమ్మమ్మ అయితే చిల్లగింజ అరగదీసి కలిపేది. పటిక తిప్పిన నీళ్లు చేపలకి పోయొచ్చా?

రొయ్యపిల్ల
పటిక కొంచెమైతే పరవాలేదు గానీ అది క్షారత్వాన్ని తినేస్తుంది, ఎక్కువైతే పీహెచ్ పడిపోతుంది. చిటికెడు తిప్పి, రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లు మాత్రమే వంచుకోండి. ఇంకో సంగతి, నీళ్లు బురదగా వచ్చే రోజుల్లోనే పంచాయతీలోనూ ఊళ్లలోనూ క్లోరిన్ మోతాదు పెంచుతారు. కాబట్టి జూలై, ఆగస్టుల్లో మామూలు లెక్క నమ్ముకోకండి, పరీక్ష చేసుకోండి.

గిన్నెలోచేప
పరీక్ష అంటే ల్యాబ్‌కి పంపాలా?

రొయ్యపిల్ల
అక్కర్లేదు. మునిసిపాలిటీ వాళ్ల చేతిలో చిన్న పెట్టె చూసే ఉంటారు, క్లోరోస్కోప్ అంటారు. గొట్టంలో నీళ్లు, రెండు మూడు చుక్కల ఆర్థోటోలిడిన్. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, ఎంత ముదురైతే అంత ఎక్కువ. స్విమ్మింగ్ పూల్ సామాన్లు అమ్మే షాపులో ఇదే కిట్ దొరుకుతుంది. ఆ రసాయనం చేతికి అంటనీయకండి. పరీక్ష చేసిన నీళ్లు సింక్‌లో పారబోయండి, ట్యాంక్‌లోకి మాత్రం వద్దు.

సైన్స్ టీచర్
దీనికి ఒక చేర్పు. చుక్క వేసిన వెంటనే వచ్చే పసుపు మామూలు క్లోరిన్‌ది. ఐదు నిమిషాలు ఆగితే మెల్లగా ముదిరేది క్లోరమైన్‌ది. ఫ్రిస్కో వాళ్లకీ సంప్ వాళ్లకీ ఇది పనికొస్తుంది.

బెజవాడ ఎండ
ఎండలో బకెట్ పెట్టేవాళ్లు దోమల సంగతి చూసుకోండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి శుభ్రమైన నిల్వ నీళ్లలోనే. రెండు రోజులకి మించి ఉంచకండి.

గిన్నెలోచేప
దోమ పిల్లలు పడితే మా గోల్డ్‌ఫిష్‌కి పండగే, పప్పన్నంలో నెయ్యి వేసినట్టు తింటాయి 😀

బెజవాడ ఎండ
అవి తినేవి తింటాయి, తినకుండా ఎగిరిపోయేవి మిమ్మల్ని తింటాయి 😀 వల కట్టండి, గాలీ ఆడుతుంది.

నాచారం_నల్లా
కిట్ తెచ్చాను. అందరికీ ఫలితం చెప్తున్నాను. మామూలు రోజు వంటింటి కుళాయి: లేత పసుపు, రంగుల పట్టీలో 0.2, 0.5 మధ్యన. నిన్న ట్యాంకర్ వచ్చింది. రాత్రి తీసిన నీళ్లు ముదురు నారింజ, పట్టీలో ఆఖరి గడి దాటిపోయింది. ఒకే కుళాయి! ఇదే నీళ్లు రెండు చుక్కలతో పోశాననుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు హైపో ద్రావణం ఇంట్లో ఎలా కలుపుకోవాలి?

రొయ్యపిల్ల
థయోసల్ఫేట్ స్ఫటికాలు 10 గ్రాములు తూచండి. నీళ్లు పోసి మొత్తం 100 మిల్లీలీటర్లు చేయండి. ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉన్నట్టు. నల్ల సీసాలో పోసి చీటీ అంటించండి, పిల్లలకి అందకుండా పెట్టండి. తెల్లగా మసకబారితే పారేసి కొత్తది కలపండి.

మామూలు రోజు 20 లీటర్ల బకెట్‌కి 1 మిల్లీలీటరు. సిరంజితో కొలవండి, చుక్కలు లెక్కపెట్టొద్దు. కలిపిన నిమిషంలోపే పని అయిపోతుంది. మళ్లీ కిట్‌తో చూడండి, రంగు రాకపోతేనే ట్యాంక్‌లోకి. కాస్త ఎక్కువ పడినా చేపకి హాని లేదు, తక్కువైతేనే ప్రమాదం. నారింజ రంగు వచ్చిన రోజున మాత్రం నీళ్లు మార్చకండి, రెండు రోజులు ఆగండి. వారం దాటినా ట్యాంక్‌కి ఏమీ కాదు. తప్పదంటే 7 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, రంగు పోయేదాకా పరీక్షిస్తూ వెళ్లండి.

ఒరాండా
సగం బదులు పావు వంతు మార్చండి, వారానికి రెండుసార్లైనా ఫర్వాలేదు. మూడు గోల్డ్‌ఫిష్‌కి 80 లీటర్లు ఇరుకే, అవి బాగా మురికి చేసే జాతి. వీలైనప్పుడు పెద్ద ట్యాంక్ చూడండి.

స్పాంజ్‌ని కుళాయి కింద కడుగుతున్నారా? కడిగితే ఆ క్లోరిన్ అందులోని మంచి బాక్టీరియాని చంపుతుంది. వారం తర్వాత అమ్మోనియా పెరిగి, చేపలు మళ్లీ పైకొస్తాయి. తీసేసిన ట్యాంక్ నీళ్లలోనే పిండి పెట్టేయండి. మొత్తం తెల్లగా కావాల్సిన అవసరం లేదు.

బోరునీళ్లు
అక్కా, నీళ్లు మార్చినంక కల్లుప్పు ఏస్తే మంచిదంటరు. నిజమేనా?

ఒరాండా
ఉప్పు క్లోరిన్‌ని తీయదు, అమ్మోనియానీ తీయదు. నైట్రైట్ పెరిగినప్పుడు మాత్రం నిజంగా పనికొస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి వెళ్లనీయదు. లీటరుకి ఒక గ్రాము చాలు, విడిగా కరిగించి పోయాలి. ప్రతిసారీ అలవాటుగా వేస్తూ పోతే అది పేరుకుంటుంది. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు.

బెజవాడ ఎండ
వేసవిలో ఇంకో చిక్కు. మే నెలలో మధ్యాహ్నం పై ట్యాంక్ నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. క్లోరిన్ తీసేసినా అవి పోస్తే చేపకి షాకే. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది, 20 డిగ్రీలకి లీటరులో 9 మిల్లీగ్రాములు పట్టేది 30కి వచ్చేసరికి ఏడున్నర. నేను తెల్లవారుజామున పట్టి, ట్యాంక్ పక్కనే బకెట్ పెట్టి, రెండిట్లోనూ థర్మామీటర్ ఒకేలా చూపించాకే పోస్తాను.

నాచారం_నల్లా
చాలా సంతోషం అందరికీ. నిన్న అసోసియేషన్ మీటింగ్‌లో రొయ్యపిల్ల గారి లెక్క చదివి వినిపించాను. వాచ్‌మెన్‌కి గ్లాసు బదులు తూచిన ప్యాకెట్లు ఇస్తామన్నారు. పదివేల లీటర్లకి ఎంత వేయమనాలి? మనుషులకీ సరిపోవాలి.

రొయ్యపిల్ల
కొత్త పౌడర్ అయితే 20 గ్రాములతో మొదలుపెట్టమనండి. లీటరుకు 0.7 దాకా వస్తుంది. బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే సంప్‌లో పోయాలి, అడుగున మిగిలే సున్నపు ముద్ద పారేయాలి. అరగంట ఆగి కుళాయి దగ్గర కిట్‌తో చూడండి. 0.2 కన్నా తక్కువ చూపిస్తే నీళ్లలో మురికి ఎక్కువుందని, ఇంకో 10 గ్రాములు వేయొచ్చు. 0.5 దగ్గర ఉంటే మనుషులకి బాగుంటుంది, చేపల బకెట్‌కి ఒక మిల్లీలీటరు హైపో సరిపోతుంది. ట్యాంకర్ వాళ్లు ముందే క్లోరిన్ వేసి తెస్తున్నారేమో అది కూడా ఒకసారి చూడండి, సంప్‌లో పోయకముందే.

నాచారం_నల్లా
సరే. రేపు పొద్దున ట్యాంకర్ ఉంది, పైపు దగ్గరే పట్టి చూసి ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తాను.